గాయం కనిపించని పిల్లలు

విపత్తును గానీ హింసను గానీ చూసిన పిల్లల ఒంటిమీద దెబ్బ లేకపోతే వారు క్షేమంగానే ఉన్నారని పెద్దలు అనుకోవడం సర్వసాధారణం. ఆ భావన ఎంత పొరపాటో చూపిన ఉదంతం 1976 జులైలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, చౌచిల్లా అనే చిన్న పట్టణం దగ్గర జరిగింది. ముగ్గురు సాయుధులు స్కూలు బస్సును అడ్డగించి, 26 మంది పిల్లలనూ డ్రైవరునూ వ్యాన్లలో తరలించి, ఒక క్వారీలో ముందే పూడ్చిపెట్టిన లారీ బాడీలోకి దింపగా, డ్రైవరూ పెద్ద పిల్లలూ కలిసి పరుపులు పేర్చుకొని పైమూత తొలగించడంతో అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

కొన్ని నెలల తర్వాత అక్కడికి వెళ్లిన మనోవైద్యురాలు లెనోర్ టెర్ పరిశీలించిన పిల్లల్లో, ఆ ఘటన ఛాయ పడని వారు ఒక్కరూ లేరు. నాలుగైదేళ్లు గడిచాక చూసినా ఆ ఛాయ పోలేదు. పీడకలలు, మామూలు శబ్దాలకే ఉలికిపాటు, తాము ఎక్కువకాలం బతకమన్న నమ్మకం వారిని వెంటాడాయి. కొందరు జరిగిన ఘోరాన్నే ఏ సరదా లేకుండా పదేపదే ఆటగా ఆడారు, దీన్నే మనోవైద్యులు ఆఘాతానంతర క్రీడ అంటారు.

తట్టుకునే శక్తికి మించిన భయం, నిస్సహాయత మనసును కమ్మేయడమే మానసిక ఆఘాతం. దాని గుర్తులు వయసును బట్టి మారుతాయి. పసివారు మానేసిన పక్క తడిపే అలవాటులోకి మళ్లీ జారుకోవచ్చు, తల్లి కొంగు వదలకపోవచ్చు. కౌమారంలో ఉన్నవారు మౌనం, కోపం, మత్తు పదార్థాల వైపు మళ్లవచ్చు, దాన్ని పొగరని తిట్టడం అన్యాయం. చాలామంది పిల్లలు అయినవారి అండతో క్రమంగా కోలుకుంటారు. అయితే భయానక జ్ఞాపకాలు, ఉలికిపాటు వంటి లక్షణాలు నెల దాటినా తగ్గక నిద్రనూ చదువునూ చెడగొడుతుంటే, అది పీటీఎస్‌డీ, అంటే ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత కావచ్చు కాబట్టి నిపుణుల చికిత్స అవసరం.

జరిగినదంతా వెంటనే చెప్పించేస్తే గుండె బరువు దిగిపోతుందన్న పాత పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. భద్రత, తిండి, నిద్ర సమకూర్చి, కుటుంబంతో కలిపి, బిడ్డ మాట్లాడాలనుకున్నప్పుడు తొందరపెట్టకుండా వినడమే మానసిక ప్రథమ చికిత్స. అడిగినదానికి వయసుకు తగ్గట్టు నిజమే చెప్పాలి, టీవీలో అవే దృశ్యాలు పదేపదే కనపడనీయకూడదు. రోజువారీ క్రమం తిరిగి మొదలుకావడం పిల్లలకు పెద్ద ఊరట గనుక, తుపాను వేళ బడులే పునరావాస కేంద్రాలయ్యే కోస్తా ఊళ్లలో తరగతులను త్వరగా తెరవడాన్ని సహాయక చర్యల్లో భాగంగానే చూడాలి.

సందేహం ఉన్న తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అయిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా పొందవచ్చు. బిడ్డ హింసకు గురవుతుంటే ఆలస్యం చేయకుండా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి.