అన్నం వచ్చిందహో!

మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున అందులో ఉన్న చక్కెరనంతా బయటికి తీసి తూచామనుకోండి. ఎంత ఉంటుందో చెప్పండి చూద్దాం. కిలోనా? పావుకిలోనా? కాదు, సుమారు 5 గ్రాములు. ఒక చిన్న చెంచాడు, అంతే! అయితే ఇది మనం కాఫీలో వేసుకునే పంచదార కాదు. గ్లూకోజు అనే మరో రకం చక్కెర.

ఇప్పుడొక చిక్కు చూడండి. వంద గ్రాముల బియ్యం వండుకు తింటే అందులో 75 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. అది పేగుల్లో అరిగి గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. ఒక చెంచాడు ఉండవలసిన చోట కొద్ది గంటల్లో పదిహేను చెంచాలు వచ్చి పడతాయన్నమాట. అయినా ఆరోగ్యవంతుడి రక్తంలో చక్కెర కాసేపు కొద్దిగా పెరిగి, మళ్ళీ మామూలు స్థాయికి దిగిపోతుంది. మరి అంత చక్కెరా ఏమైనట్టు?

కండరాలు కొంత తీసుకున్నాయి. కాలేయం కొంత దాచుకుంది. బాగానే ఉంది. కాని అన్నం పేగుల్లోకి వచ్చిన సంగతి ఎక్కడో కాలిపిక్కలో ఉన్న కండరానికి ఎలా తెలిసింది?

పూర్వం పల్లెల్లో ఒక కబురు అందరికీ తెలియాలంటే తప్పెట కొట్టి చాటింపు వేసేవారు. మన ఒంట్లోనూ అలాంటి చాటింపు ఒకటుంది. దాని పేరే ఇన్సులిన్. రక్తంలో చక్కెర పెరగడం మొదలవగానే, జీర్ణాశయం వెనకగా ఉండే క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను రక్తంలోకి వదులుతుంది. అది ఒళ్ళంతా తిరిగి, "అన్నం వచ్చిందహో!" అని చాటుతుంది.

ఈ కబురు విని ఒక్కొక్కరు ఒక్కో పని చేస్తారు. కండరాల కణాలకు గ్లూకోజును లోపలికి తీసుకునే ద్వారాలు ఉంటాయి. మామూలప్పుడు వాటిలో చాలా భాగం కణం లోపలే మడిచిపెట్టి ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి కణం పైపొరను తాకగానే ఆ ద్వారాలు లోపలినుంచి పైకి వచ్చి పొరలో అమరుకుంటాయి. చక్కెర లోపలికి పోతుంది. కాలేయం రక్తంలోకి చక్కెర వదలడం మానేసి, వచ్చినదాన్ని గ్లైకోజెన్ అనే పదార్థంగా మార్చి నిలవ చేసుకుంటుంది. కొవ్వు కణాలు కూడా కొవ్వును కరిగించడం ఆపి, కూడబెట్టడం మొదలుపెడతాయి. మెదడు మాత్రం ఈ చాటింపు కోసం కాచుకుని కూర్చోదు. దానికి ఇరవైనాలుగు గంటలూ చక్కెర కావాలి, తీసుకుంటూనే ఉంటుంది.

రక్తంలో చేరిన ఇన్సులిన్ కొద్ది నిమిషాల్లోనే నశించిపోతుంది. కబురు అవసరమైనంతసేపూ క్లోమం తప్పెట కొడుతూనే ఉండాలి. రాత్రి మనం నిద్రపోయేటప్పుడు ఆ చప్పుడు బాగా తగ్గుతుంది. అప్పుడు కాలేయం తన నిలవలోంచి కొంచెం కొంచెంగా చక్కెర తీసి ఖర్చుపెడుతుంది.

మరి తప్పెట కొట్టేవాడే లేకపోతే?

అన్నం వస్తుంది. రక్తం నిండా చక్కెర ఉంటుంది. కాని వచ్చినట్టు ఎవరికీ తెలియదు! కండరాల తలుపులు తెరుచుకోవు. అన్నిటికన్నా విడ్డూరం కాలేయం చేసే పని. ఊళ్ళో కరువు వచ్చిందనుకుని, అసలే చక్కెరతో పొంగిపోతున్న రక్తంలోకి అది ఇంకా చక్కెర పోస్తుంది. కొవ్వు కరిగిపోతుంది. కండలోని మాంసకృత్తులు సైతం విడిపోయి చక్కెరగా మారతాయి. రక్తంలో చక్కెర 100 మిల్లీలీటర్లకు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేవు. అది నీళ్ళను వెంటబెట్టుకుని మూత్రంలో పోతుంది. అందుకే ఆ రోగికి మాటిమాటికీ మూత్రం, ఆరని దాహం, తీరని ఆకలి. ఎంత తిన్నా చిక్కిపోతాడు. మూత్రం తియ్యగా ఉండడాన్ని, దానికి చీమలు పట్టడాన్ని మన ప్రాచీన వైద్యులు కూడా గమనించారు. మధుమేహం అన్న పేరు అలా వచ్చిందే.

"చక్కెర వ్యాధి" అన్న పేరు సగం కథే చెబుతుందని నాకనిపిస్తుంది. నిజానికిది నిండు గాదె పక్కన పస్తులుండే జబ్బు. చివరకు కొవ్వు హడావుడిగా కరగడంవల్ల కీటోన్లు అనే ఆమ్లపదార్థాలు రక్తంలో పేరుకుంటాయి. ఊపిరి ముగ్గిన పండు వాసన వేస్తుంది. ఆ పైన స్పృహ తప్పడం, చావు. వందేళ్ళకు పూర్వం ఈ జబ్బు పట్టిన పిల్లల్లో దాదాపు ఎవరూ బతికేవారు కారు. డాక్టర్లకు తెలిసిన ఒకే ఉపాయం తిండి బాగా తగ్గించెయ్యడం. దానివల్ల కొన్ని నెలలు, మహా అయితే కొన్నేళ్ళు ఎక్కువ బతికేవారు, ఎముకల గూళ్ళై!

తప్పు ఎక్కడుందో తెలియక కాదు. 1889లోనే జర్మన్ శాస్త్రజ్ఞులు మేరింగ్, మింకోవ్‌స్కీ ఒక కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి మధుమేహం రావడం చూశారు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1869లో, లాంగర్‌హాన్స్ అనే వైద్యవిద్యార్థి క్లోమంలో దీవుల్లా విడిగా ఉన్న చిన్న చిన్న కణాల గుంపులను సూక్ష్మదర్శినిలో చూశాడు. అవెందుకో ఆయనకు తెలియదు. ఇన్సులిన్ తయారయ్యేది వాటిలోనే.

అయితే క్లోమాన్ని నూరి, రసం తీసి రోగికి ఎక్కిస్తే సరిపోదా? ఎంతోమంది ప్రయత్నించారు, ముప్ఫై ఏళ్ళపాటు. కుదరలేదు. ఎందుకంటే క్లోమంలో అత్యధిక భాగం చేసే పని వేరు. అది మాంసకృత్తులను అరగించే జీర్ణరసాన్ని తయారుచేస్తుంది. ఇన్సులిన్ కూడా ఒక మాంసకృత్తే! గ్రంథిని నూరగానే ఆ రసం ఇన్సులిన్‌ను హరించేస్తుంది. కంచే చేను మేసినట్టన్నమాట. (ఇన్సులిన్‌ను మాత్రలా మింగకుండా సూదితో ఎక్కించుకోవడానికి ముఖ్య కారణం కూడా ఇదే. మింగితే పప్పులాగే అరిగిపోతుంది.)

1921 వేసవిలో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్ అనే యువ శస్త్రవైద్యుడు, బెస్ట్ అనే విద్యార్థి ఈ చిక్కుముడి పట్టుకున్నారు. ప్రయోగశాల ఇచ్చినవాడు ప్రొఫెసర్ మాక్లియోడ్. జీర్ణరసం పోయే నాళాన్ని కట్టేస్తే ఆ రసం చేసే కణాలు ఎండిపోతాయి, అప్పుడు ఇన్సులిన్ చిక్కుతుంది అని బాంటింగ్ ఆలోచన. కుక్కల మీద కొంత ఫలించింది. కాని చివరికి పని జరిగింది అలా కాదు. కబేళా నుంచి తెచ్చిన పశువుల క్లోమం, ఆల్కహాలు చాలు అని తేలింది.

1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి మొదటి ఇంజెక్షను ఇచ్చారు. మీ ఈడువాడే. బరువు 30 కిలోలైనా లేడు. చక్కెర కొంచెం తగ్గిందిగాని, మందులోని మలినాలవల్ల సూది గుచ్చినచోట గడ్డ లేచింది. ఇంజెక్షన్లు ఆపేశారు. కాలిప్ అనే రసాయనవేత్త రాత్రింబవళ్ళు కూర్చుని మందును శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి చక్కెర దిగింది, కీటోన్లు మాయమయ్యాయి, కుర్రవాడు లేచి తిరిగాడు! ఆ తరువాత పదమూడేళ్ళు బతికాడు. అదే ఏడాది ఆగస్టులో ఇన్సులిన్ అందుకున్న ఎలిజబెత్ హ్యూస్ అనే బాలిక 1981 దాకా జీవించింది.

1923లో నోబెల్ బహుమతి బాంటింగ్, మాక్లియోడ్‌లకు వచ్చింది. వాళ్ళు తమ డబ్బును బెస్ట్, కాలిప్‌లతో పంచుకున్నారు. బాంటింగ్, బెస్ట్, కాలిప్ ఇన్సులిన్ మీద హక్కును విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్క డాలరుకే ఇచ్చేశారు. చాలాకాలం పశువుల, పందుల క్లోమాలే ఆధారం. 1978లో మనిషి ఇన్సులిన్‌ను బాక్టీరియా చేత తయారుచేయించగలిగారు. 1982 నుంచి అది మందుగా వాడుకలో ఉంది.

"తీపి ఎక్కువ తిన్నాడు, అందుకే వచ్చింది" అని మధుమేహమున్న పిల్లల గురించి అంటూంటారు. అది తప్పు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే మొదటి రకంలో, రోగక్రిములతో పోరాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి ఇన్సులిన్ చేసే కణాలను చంపేస్తుంది. ఆ పిల్లలకు ఇన్సులిన్ అన్నంతో సమానం. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించే రెండో రకం వేరు. అందులో తప్పెట మోగుతూనే ఉంటుంది, కణాల చెవులు మందగిస్తాయి. పోనుపోను తప్పెట కూడా అలిసిపోతుంది. వంశం, ఒళ్ళు పెరగడం, కదలకుండా కూర్చోవడం దీనికి తోడవుతాయి.

ఇంజెక్షనుకు ఒక లోపం ఉంది. క్లోమం రక్తంలో చక్కెర చూసి చాటింపు ఆపుతుంది. సూదితో ఎక్కిన ఇన్సులిన్‌కు ఆ తెలివి లేదు. అది తీసుకున్నాక భోజనం ఆలస్యమైనా, ఆటల్లో మామూలుకన్నా ఎక్కువ పరుగెత్తినా రక్తంలో చక్కెర మరీ పడిపోతుంది. మీ తరగతిలో అలాంటి స్నేహితుడెవరైనా ఉంటే, ఉన్నట్టుండి చెమటలు పట్టి, చేతులు వణికి, తికమకగా మాట్లాడవచ్చు. అప్పుడతనికి కావలసింది చక్కెరే. మూడు చెంచాల పంచదార గాని, గ్లూకోజు గాని నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి, టీచరుకు చెప్పండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేర్చాలి.