పాత కర్మాగారముల చెంత పెరటి తోటలు

చెన్నపురి ఉత్తర భాగమున పెరంబూరు, తండయారుపేట, తిరువొత్తియూరు, ఎన్నూరు ప్రాంతములందు కర్మాగారముల గోడల ప్రక్కనే గృహములు వెలసినవి. తెలుగు కుటుంబములును అచట తరతరములుగా నివసించుచున్నవి. జానెడు నేల చిక్కినచో మునగచెట్టొకటి, తోటకూర మడియొకటి వేయనిదే తెలుగు ఇల్లాలికి తోచదు. ఆ కర్మాగారములలో కొన్ని నేడు లేవు. పెరంబూరులోని బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులు 1996లో మూతపడినవి. 1970లో ఆరంభమైన ఎన్నూరు తాపవిద్యుత్కేంద్రము 2017లో నిలిచిపోయినది. మిల్లు ఉండిన చోటనెల్ల మన్ను చెడినదని తలపరాదు. కాని యంత్రము ఆగినంతనే మన్ను శుద్ధమగునని తలచుటయు పొరపాటే.

ఇందుకు ప్రబల నిదర్శనము చెన్నపురికి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున, పాలారు చెంతనున్న రాణీపేట. తోళ్ల పరిశ్రమకు వలయు క్రోమియము లవణములను చేయు కర్మాగారమొకటి అచట రెండు దశాబ్దములు నడచి, 1990ల నడుమ మూతపడినది. క్రోమైటు ఖనిజమును సోడాతో కాల్చి, నీటితో కడిగి క్రోమేటును తీసికొనగా మిగిలిన మడ్డి లక్షన్నర టన్నులకు తక్కువ కాకుండ గుట్టగా నిలిచినది. తోలును పదను చేయు క్రోమియము త్రిసంయోజకము. అది మట్టిని అంటిపెట్టుకొని యుండును. మడ్డిలోనిదో షట్సంయోజకము. అది నీట కరగును, వాననీటితో భూమిలోనికి దిగును, బావులకు చేరును, క్యాన్సరునకు కారణమగును. 2006లో అమెరికాలోని బ్లాక్‌స్మిత్ సంస్థ ప్రకటించిన లోకములోని పది అతికలుషిత స్థలములలో రాణీపేట యొకటి.

సీసము స్వభావము వేరు. అది క్రిందికి దిగదు; పై జానెడు మట్టిలోనే దశాబ్దములు నిలిచియుండును. పాత రంగుల పెచ్చులు, బ్యాటరీలు పగులగొట్టిన తావులు, 2000 సంవత్సరము వరకు వాడుకలోనుండిన సీసపు పెట్రోలు పొగ దానికి మూలములు. అది కాయలలోనికి చేరుట స్వల్పము. ఆకుకూరలపై ధూళిగా అంటును, ముల్లంగివంటి దుంపలకు మట్టితోపాటు పట్టును. అయినను కూరకంటె భయపడవలసినది మట్టిలో ఆడి, ఆ చేతినే నోట పెట్టుకొను శిశువును గూర్చియే. ఏలయన సీసము ఎదుగు మెదడును దెబ్బతీయును. అమెరికా పర్యావరణ శాఖ 2024లో నివాసస్థలముల మట్టికి పరిశీలనావధిని కిలోగ్రామునకు 400 మిల్లీగ్రాముల నుండి 200కు తగ్గించినది.

రైతులకై చేయు సాధారణ భూసార పరీక్షలో నత్రజని, భాస్వరము, పొటాషియము, ఆమ్లత్వము తెలియునే కాని విషలోహములు తెలియవు. సీసము, క్రోమియము కావలెనని ప్రత్యేకముగ కోరవలెను. పెరటిలో ఐదారు తావుల పై అరయడుగు మట్టిని తీసి కలిపి పంపవలెను. గోడ వారగానున్న మన్ను వేరుగా కట్టవలెను, రంగు రాలునది అచటనే కదా!

ఫలితము వచ్చువరకు నేలను లోతుగ త్రవ్వి తిరుగవేయరాదు. అట్లు చేసిన పైనున్నది అంతట వ్యాపించును. శుద్ధమైన మట్టి నింపిన తొట్లలో ఆకుకూరలు పెంచవచ్చును. వంకాయ, బెండ, టమాటాలకు భయము తక్కువ. బాగుగ చివికిన ఎరువు సీసమును పట్టియుంచును. బట్టబయలుగానున్న మట్టిని గడ్డితో కప్పిన ధూళి రేగదు. ఇంతచేసియు, క్రోమియము చేరిన బావినీటినే ఆ తొట్లకు పోసినచో ప్రయోజనము లేదు. కనుక మట్టితోపాటు నీటిని కూడ అదేసారి పరీక్షింపవలెను.