ఏప్రిల్ పదిన ఆగి ఉంటే...

2011 ఫిబ్రవరి 15న బెంఘాజీలో ఫతీ తెర్బిల్ అనే న్యాయవాదిని పోలీసులు పట్టుకెళ్లారు. 1996లో ట్రిపోలీలోని అబూ సలీం జైల్లో కాల్చి చంపిన దాదాపు 1,200 మంది ఖైదీల కుటుంబాల తరఫున వాదిస్తున్న మనిషి ఆయన. కొడుకు పోయాడన్న కబురైనా చెప్పకుండా, ఆ తల్లుల చేత ఏళ్ల తరబడి జైలు గుమ్మానికి బట్టలూ తిండీ మోయించిన పాలన అది. ఆ కుటుంబాలే ఆ రోజు ముందుగా వీధికెక్కాయి. రెండు రోజులకు ఊరంతా వాళ్ల వెనక నడిచింది. 41 ఏళ్లుగా లిబియాను ఏలుతున్న గడాఫీ తుపాకులతో జవాబిచ్చాడు. 22న టీవీలో కనిపించి సందు సందూ, ఇల్లు ఇల్లూ గాలిస్తానన్నాడు.

ఇలాంటప్పుడు బయటి దేశాలు ఏం చేయాలి? ‘వాళ్ల ఇంటి గొడవ, మనకెందుకు’ అనడం సులువు. 1994లో రువాండాలో ఊచకోత సాగుతుండగా ఐక్యరాజ్యసమితి అక్కడి తన బలగాన్ని పెంచాల్సింది పోయి, కొన్ని వందలకు కుదించింది. వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది హతమయ్యారు. ఆ సిగ్గు దేశాధినేతల చేత 2005లో ఒక మాట ఒప్పించింది. ఏ ప్రభుత్వమైనా తన జనాన్ని తానే చంపుతుంటే భద్రతా మండలి ద్వారా మిగతా దేశాలు అడ్డుపడవచ్చు. ఆ మాటకు లిబియా తొలి పెద్ద పరీక్ష.

2011 మార్చి 17న మండలి 1973వ తీర్మానం చేసింది. పౌరులను కాపాడేందుకు అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చు, విదేశీ సేనలు మాత్రం ఆక్రమించకూడదు. పది దేశాలు అవునన్నాయి. రష్యా, చైనా, జర్మనీ, బ్రెజిల్, భారత్ ఓటింగుకు దూరంగా ఉన్నాయి. 19న గడాఫీ ట్యాంకులు బెంఘాజీ పొలిమేరల్లోకి వచ్చేశాయి. ఫ్రాన్స్ విమానాలు వాటిని అక్కడే పేల్చేశాయి.

ఆ దాడి సబబే. పౌరులకు ముప్పును భూతద్దంలో చూపారని బ్రిటన్ పార్లమెంటు కమిటీ 2016లో తేల్చింది. కానీ అబూ సలీం చేసినవాడి ట్యాంకులు ఊరి గుమ్మంలో ఉంటే, రుజువు కోసం ఆగమని బెంఘాజీ తల్లులకు చెప్పగలిగేవాళ్లెవరు?

తప్పు ఆ తర్వాత జరిగింది. ఆఫ్రికా దేశాల సమాఖ్య రాయబారులు మార్చి 20నే లిబియా వెళ్తామన్నారు. బాంబు దాడులు మొదలయ్యాయి కాబట్టి వెళ్లనివ్వలేదు. చివరికి ఏప్రిల్ 10న దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జేకబ్ జుమా బృందం ట్రిపోలీ చేరి కాల్పుల విరమణ, అందరితో చర్చలు, సంస్కరణలు అనే ప్రతిపాదనను గడాఫీ ముందుంచింది. ఆయన సరేనన్నాడని జుమా ప్రకటించాడు. మర్నాడు బెంఘాజీలోని తిరుగుబాటు నాయకులు కాదన్నారు: గడాఫీ దిగిపోవాలన్న మాట అందులో లేదు. వాళ్ల కోపం అర్థమవుతుంది. గడాఫీ అంతకుముందు మార్చిలో ప్రకటించిన కాల్పుల విరమణ గంటల్లోనే గాలికి పోయింది. అయితే మార్చిలో గడాఫీ ఇచ్చింది ఉత్త మాట. ఏప్రిల్‌లో ఆయన నెత్తిమీద, దాడుల బాధ్యత తీసుకున్న నాటో కూటమి విమానాలున్నాయి, మాట తప్పితే మూల్యం చెల్లించాల్సిందే. తిరుగుబాటుదారులను బల్ల దగ్గర కూర్చోబెట్టగల శక్తి కూడా ఆ విమానాల యజమానులకే ఉంది. వాళ్లు ఆ పని చేయలేదు. నాలుగు రోజుల తర్వాత అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ అధినేతలు ఒబామా, కామెరాన్, సర్కోజీ కలిసి ఒక వ్యాసం రాశారు: గడాఫీ ఉండగా లిబియాకు భవిష్యత్తు లేదని. పౌర రక్షణకు ఇచ్చిన అనుమతి ఆ రోజు నుంచి పాలన మార్పిడికి సాధనమయింది. అక్టోబరు 20న సిర్తేలో గడాఫీ హతుడయ్యేదాకా యుద్ధం ఆగలేదు.

పౌరులంటే గడాఫీని ఎదిరించినవాళ్లే కాదు కదా! ఆగస్టులో మిస్రాతా తిరుగుబాటు దళాలు పక్కనున్న తవర్ఘా మీద పడ్డాయి. గడాఫీ పక్షాన నిలిచారన్న పగతో దాదాపు 40,000 మంది నల్లజాతి లిబియన్లను ఊరు ఖాళీ చేయించాయి. 1973వ తీర్మానం అప్పటికీ అమల్లోనే ఉంది. వాళ్ల కోసం ఏ విమానమూ ఎగరలేదు. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే.

అక్టోబరు 31తో నాటో పని ముగించుకుంది. గడాఫీ ఆయుధాలు మాలీ దాకా పాకాయి. 2014 నాటికి దేశానికి రెండు ప్రభుత్వాలు. సిర్తే ఐఎస్ ముఠా చేతికి చిక్కింది. అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులు 2015 జులైలో అపహరణకు గురై ఏడాదికి పైగా బందీలుగా మగ్గి 2016 సెప్టెంబరులో బయటపడ్డారు. డెర్నా పట్టణం ఎగువనున్న రెండు ఆనకట్టలకు మొదలైన మరమ్మతులు 2011 యుద్ధంతో ఆగిపోయాయి. 2023 సెప్టెంబరు తుపానుకు ఆ కట్టలు తెగి వేల ప్రాణాలు పోయాయి. 2021 డిసెంబరులో జరగాల్సిన ఎన్నికలు జరగనేలేదు.

ఈ తప్పు తాలూకు బాకీ సిరియన్లు కూడా కట్టారు. 2011 అక్టోబరులో సిరియా పాలకుడు అసద్‌ను ఖండించే తీర్మానం వస్తే, లిబియాలో జరిగింది మళ్లీ జరగనివ్వమంటూ రష్యా, చైనా వీటో చేశాయి. రష్యాకు తన మిత్రుడిని కాపాడుకోవాలన్న స్వార్థం ఎలాగూ ఉంది. కానీ ఆ స్వార్థానికి సాకు అందించింది నాటోనే.

మన అనుభవమూ రెండు విధాలు. 1971లో తూర్పు పాకిస్థాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు వచ్చాక మన సైన్యం వెళ్లింది, మూణ్ణెల్లలో తిరిగొచ్చింది. తర్వాత ఎవరు ఏలాలో 1970 ఎన్నికల్లో అక్కడి ఓటర్లు ముందే చెప్పేశారు. 1987లో శ్రీలంక వెళ్లినప్పుడు అలాంటి తీర్పేదీ లేదు. ఎవరిని కాపాడడానికి వెళ్లామో వాళ్ల మధ్యే తమిళ పులులతో పోరాడి సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. ఇంత తెలిసిన దేశం 2011లో, క్షేత్ర సమాచారం చాలడం లేదంటూ ఓటుకు దూరంగా ఉంది. అనుమానం న్యాయమైనదే. అయితే ఆ అనుమానాన్ని షరతుగా మార్చే ప్రయత్నం జరగాల్సింది: అనుమతికి గడువు పెట్టండి, పొడిగించాలంటే మళ్లీ ఓటు వేయండి, పొరుగు దేశాల రాయబారులు వెళ్లినప్పుడు దాడులు ఆపండి అని.

బలప్రయోగం చేసేవాళ్లు మండలికి లెక్క చెప్పాలన్న ప్రతిపాదనను బ్రెజిల్ ఆ ఏడాది నవంబరులోనే తెచ్చింది. పెద్ద దేశాలు ముఖం చాటేయడంతో అది కాగితం మీదే ఉండిపోయింది. దాన్ని మళ్లీ మండలి ముందుకు తేవాల్సింది భారతే.