వెండితీగకు ఫోన్ తెర ఏం చేయగలదు?

కరీంనగర్ ఫిలిగ్రీ పని కమ్మచ్చుతో మొదలవుతుంది. వెండి కడ్డీని సాగగొట్టి, కమ్మచ్చులో పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి మార్చి మార్చి లాగితే దారం లాంటి తీగ వస్తుంది. అలాంటి తీగలు రెండింటిని కలిపి పేని, ఆపైన చదును చేస్తారు. పేనిన మెలికలు అణిగి తీగ అంచున కంటికి ఆనీ ఆననట్టు సన్నని పళ్ళు ఏర్పడతాయి. దళసరి తీగతో ఆకుకో నెమలికో చట్రం కట్టి, దాని లోపల ఈ సన్న తీగను పట్టకారుతో చుట్టలుగా వంచి ఇరికిస్తారు. వెలిగారమూ టంకం పొడీ చల్లి మంట తగిలిస్తే అతుకు పడుతుంది. ఎల్గందుల నుంచి కరీంనగర్ చేరిన ఈ కళకు 2007లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఇంత పనితనమున్న అత్తరుదానిని ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెడితే, అచ్చులో పోసిన జర్మన్ సిల్వర్ అత్తరుదానికీ దానికీ తేడా కనబడదు. జర్మన్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం. అందులో వెండి రవ్వంత కూడా ఉండదు. చిన్న వ్యాపారానికి సోషల్ మీడియా ఎలా పనికొస్తుందన్న ప్రశ్నను ఈ ఫొటో దగ్గర మొదలుపెడితే, మామూలుగా వినే సలహాలకు భిన్నమైన జవాబు దొరుకుతుంది.

అమ్మేవాడికి సరుకు గుట్టు తెలిసి, కొనేవాడికి తెలియకపోతే బజారు ఏమవుతుందో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల వ్యాపారాన్ని తీసుకుని వివరించాడు. ఏ కారు మంచిదో పోల్చుకోలేనివాడు మంచికీ చెడుకూ మధ్యస్థంగా ఒక ధర ఇస్తానంటాడు. ఆ ధర మంచి కారున్నవాడికి గిట్టదు, వాడు బజారు వదిలిపోతాడు. మిగిలిన సరుకు సగటు నాణ్యత ఇంకా పడిపోతుంది, ధర మళ్ళీ తగ్గుతుంది. ఈ పనికి గుర్తింపుగా 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఫిలిగ్రీకి ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎదురవుతున్నది ఇదే చిక్కు. చేత్తో కట్టిన వెండి వస్తువు ధర, అచ్చు సరుకు ధర పక్కపక్కనే కనబడితే, తేడా తెలియని మనిషి తక్కువదాని వైపే మొగ్గుతాడు. అతన్ని తప్పుపట్టడానికేం లేదు, అతని ముందున్నది ఫొటో ఒక్కటే. ఇదివరకు ఈ అనుమానాన్ని దుకాణం తీర్చేది. వస్తువును చేతిలోకి తీసుకుని చూసేవారు, లేదంటే ప్రభుత్వ హస్తకళల సంస్థ నడిపే గోల్కొండ షోరూమ్ మీది నమ్మకంతో కొనేవారు. ఆ నమ్మకం షోరూమ్‌ది; వస్తువు చేసినవాడి పేరు కొన్నవాడికి చేరేది కాదు.

అందుకే నా వాదన ఇది: చేతిపని మీద నడిచే చిన్న వ్యాపారానికి సోషల్ మీడియా చేయగల అసలు మేలు కొనేవాడి అనుమానం తీర్చడం. నలుగురికీ వినబడేలా చాటడం దాని తర్వాతి సంగతి. అకెర్లాఫ్‌తో పాటు నోబెల్ పంచుకున్న మైకేల్ స్పెన్స్ 1973లో ఒక మాట తేల్చాడు. ఏదైనా గుర్తును నమ్మవచ్చా లేదా అన్నది, అది అసలువాడికి చౌకగా, నకిలీవాడికి ఖరీదుగా పడుతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘నాణ్యతకు మాది పూచీ’ అని ఎవరైనా రాసుకోవచ్చు, కనుక దానికి విలువ లేదు. తీగ కమ్మచ్చులోంచి సాగుతున్నప్పుడు, చుట్ట చట్రంలో కూర్చుంటున్నప్పుడు, మంట తగిలి టంకం పారుతున్నప్పుడు తీసిన వీడియో అలా కాదు. పనివాడికి అందులో అదనపు ఖర్చు లేదు. ఎలాగూ చేస్తున్న పని పక్కన ఫోన్ నిలబెడితే సరిపోతుంది. అచ్చు సరుకు తెచ్చి అమ్మేవాడు అదే చూపించాలంటే ఆ పని నేర్చుకోవాలి, లేదా చేసేవాణ్ని తెచ్చుకోవాలి. తీగ అంచు మీది సన్న పళ్ళను దగ్గరగా చూపే పది సెకన్లు, అలంకరించి తీసిన వంద ఫొటోలు చేయలేని పని చేస్తాయి.

‘వైరల్ అయితే చాలు, ఆర్డర్లు వాటంతట అవే వస్తాయి’ అన్న ఆశ మాత్రం లెక్కకు నిలవదు. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగం దీన్ని బాగా చూపిస్తుంది. 14 వేల మందికి పైగా మనుషులు, ఎవరూ వినని బృందాల పాటలు 48. కొందరికి పాటలు మాత్రమే చూపారు. మిగతావారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎందరు డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపారు. అవే పాటలైనా ఒక గుంపులో అగ్రస్థానంలో ఉన్నది ఇంకో గుంపులో వెనకబడింది. మరీ మంచి పాటలు అడుగుకు చేరడం అరుదు, మరీ నాసివి పైకి రావడం అరుదు. మధ్యలోవాటికి ఏమైనా జరగవచ్చు. పాటలను డౌన్‌లోడ్ల లెక్క ప్రకారం వరసలో పెట్టినప్పుడు తేడాలు మరింత పెరిగాయి. మన ఫోన్లలోని ఫీడ్ ఇంచుమించు అదే పని చేస్తుంది, మొదట కాస్త ఆదరణ దొరికినదాన్నే ఇంకా ముందుకు తోస్తుంది. అంటే వైరల్ కావడంలో నాణ్యత పాలు కొంత, అదృష్టం పాలు చాలా. పోనీ అదృష్టం పండిందే అనుకుందాం. నెలకు ఇరవై వస్తువులు చేయగల ఇంటికి వారంలో మూడొందల ఆర్డర్లు వచ్చాయనుకోండి. ఏడాది దాటినా తీరవు. అడ్వాన్స్ కట్టినవాళ్ళు విసిగి కామెంట్లలో దుమ్మెత్తిపోస్తారు. లేదంటే తొందర కోసం అచ్చు సరుకు కలపాలన్న ఒత్తిడి మొదలవుతుంది. పనిచేసే చేతుల సంఖ్యను ఏ అల్గారిథమూ పెంచలేదు.

దీనికి ఎదురుగా కరీంనగర్ ప్రాంతం నుంచే గట్టి ఉదాహరణ ఒకటి చూపవచ్చు. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన మై విలేజ్ షో యూట్యూబ్‌లో తెలుగువారందరికీ చేరింది. అందులో కనిపించిన గంగవ్వ 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్ దాకా వెళ్ళింది. పల్లెటూరి మాట, పల్లెటూరి మనుషులు, వైరల్ విజయం: ఇంతకన్నా రుజువేం కావాలని అడగవచ్చు. ఆ విజయం నిజం, గర్వించదగ్గది కూడా. అయితే అక్కడ తయారయ్యే సరుకు వీడియోనే. ఒక వీడియోను వెయ్యిమంది చూసినా కోటిమంది చూసినా దాన్ని తీసిన శ్రమ ఒక్కటే. అత్తరుదాని అలా కాదు, రెండోది కావాలంటే మళ్ళీ మొదటి తీగ నుంచీ పని చేయాల్సిందే. పైగా లంబాడిపల్లి బృందం మొదలుపెట్టాక గంగవ్వ ఇంటింటి పేరు కావడానికి ఏళ్ళు పట్టింది. ఏళ్ళ తరబడి ఒకే ఊరిని, ఒకే మాటతీరును వదలకుండా చూపిస్తూ పోయారన్నదే దాన్నుంచి తీసుకోవాల్సిన విషయమని నేననుకుంటాను.

మరి చూసేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన పత్రం ఇక్కడ పనికొస్తుంది. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికిన కొందరిని, ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచూ కలిసేవాళ్ళమన్నవారు 16.7 శాతమే; అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం. దగ్గరివాళ్ళకు తెలిసినవన్నీ మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు దూరపు పరిచయం మీదుగా వస్తుంది. ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే దాన్ని చూసేది ఆ వస్తువును పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాళ్ళే. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయికో మస్కట్‌కో పోయిన మనిషి తన స్టేటస్‌లో పెడితే, అక్కడ పక్క బెడ్డు మీద ఉండే వేరే జిల్లావాడు చూస్తాడు, పనిచేసే కంపెనీలోని వేరే రాష్ట్రంవాడూ చూస్తాడు. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసెరీ 2025 జనవరిలో చెప్పినదీ దీనికి దగ్గరగానే ఉంది. చూసిన సమయం, లైకులు, ఇతరులకు పంపడం అనే మూడింటినీ ముఖ్యంగా లెక్కిస్తామని, మనల్ని ఫాలో కానివారికి చేరాలంటే ఒకరు మరొకరికి పంపడం ఎక్కువ పనికొస్తుందని ఆయన అన్నాడు. పదిమంది కొన్నారంటే, ‘మీ వస్తువు తయారవుతున్నప్పటి వీడియో ఇదిగో’ అని ఆ పదిమందికీ విడివిడిగా పంపడం, బూస్ట్ కోసం డబ్బు కట్టడం కన్నా తెలివైన పని.

ఇంకొకరి వీడియో దొంగిలించి పెట్టుకునేవాళ్ళు ఉంటారు కదా, ఇప్పుడు కృత్రిమ మేధతో లేని చేతుల్ని కూడా సృష్టిస్తున్నారు కదా అన్న అభ్యంతరం బలమైనది. గుర్తును నకలు చేసే ఖర్చు పడిపోతే స్పెన్స్ సూత్రం ప్రకారమే దాని విలువా పడిపోతుంది. అందుకే అందరికీ పెట్టే రీలు ఒక్కటి చాలదు. కొనేవారి పేరు రాసిన చీటీని పని బల్ల మీద పెట్టి వారి వస్తువునే తీసిన వీడియో, తూకం వేసేటప్పుడు వీడియో కాల్, వారు కోరుకున్న చిన్న మార్పు: ఇవి దొంగిలించిన వీడియోలో దొరకవు. వెండి ఎంత శుద్ధమో వీడియో చెప్పలేదన్నది కూడా నిజం. ఆ పని హాల్‌మార్క్‌ది. అయితే హాల్‌మార్క్ వెండిని గురించి చెబుతుంది గానీ, దాన్ని చేత్తో అల్లారా అచ్చులో పోశారా అన్నది చెప్పదు. రెండూ ఉంటేనే కొనేవాడికి పూర్తి సంగతి తెలుస్తుంది.

పనిగుట్టు బయటపెడితే ఎవరో ఎత్తుకుపోతారన్న భయం పాత ఆదిలాబాద్ జిల్లా చేతిపనివారిలోనూ ఉండవచ్చు. నిర్మల్ బొమ్మకు పొనికి కర్ర, చింతగింజల జిగురు. డోక్రా లోహపు బొమ్మకు మైనం తీగ, మట్టి పూత, కరిగిన ఇత్తడి. ఈ మెట్లన్నీ పుస్తకాలకెక్కి చాలాకాలమైంది. నకలు చేసేవాడికి మెట్లతో అవసరమే లేదు, పూర్తయిన వస్తువు ఒకటి కొనుక్కుంటే అచ్చు తీసుకోగలడు. అంటే అతనికి పనికొచ్చేది పూర్తయిన సరుకు, అతన్ని ఇరుకున పెట్టేది తయారీ వీడియో. 2018లో జీఐ పొందిన ఆదిలాబాద్ డోక్రాలో పోత తర్వాత మట్టి మూసను పగలగొట్టక తప్పదు, కాబట్టి ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు. డోక్రా పోసే ఓజుల ఇంట మూస పగులుతున్న వీడియో చూసినవాడు, ఒకే తీరు బొమ్మలు వంద వరసగా పేర్చిన వెబ్‌సైటును అనుమానించడం తనంతట తానే నేర్చుకుంటాడు.

వేదికల మీద పూర్తిగా ఆధారపడవద్దన్న హెచ్చరికను మాత్రం నేను మారుమాట లేకుండా ఒప్పుకుంటాను. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్‌లో పెంచుకున్న ఫాలోవర్లు ఒక్క రాత్రిలో లేకుండాపోయారు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. కొన్నవారి నంబర్లు, ఎవరు ఏం కొన్నారో, ఎప్పుడు కొన్నారో కాగితం మీద కూడా ఉండాలి. కళాకారులకు శిక్షణ ఇచ్చే సంస్థలను కోరదగినది కూడా చిన్నదే. హాష్‌ట్యాగుల మీద పాఠాల కన్నా ముందు పని బల్లకు బిగించే ఫోన్ స్టాండు ఒకటి, మంచి దీపం ఒకటి ఇప్పించాలి. 1999 జీఐ చట్టం కింద ‘అధీకృత వినియోగదారు’గా నమోదయ్యే దరఖాస్తును పక్కన కూర్చుని నింపించాలి. ఆ నమోదు సంఖ్య ప్రతి పోస్టు కింద ఉంటే, కొనేవాడు వీడియోలో చూసిన చేతులు ఎవరివో రిజిస్టరులో సరిచూసుకోగలడు.