గుడియాత్తం తెలుగులో ‘అప్పా’

తాత వయసున్న మనిషి టీకొట్టు కుర్రాణ్ణి ‘ఒక టీ ఇయ్యప్పా’ అని అడుగుతాడు. తమిళనాట గుడియాత్తం, వేలూరు తెలుగువాళ్లకు ఇది మామూలే. గుంటూరు నుంచి వచ్చినవాడు మాత్రం తికమకపడతాడు. అప్ప అంటే తండ్రి కదా, మనవడి ఈడువాణ్ణి అలా పిలవడమేమిటి?

నిజానికి ఇలాంటి పిలుపు మనందరి ఇళ్లలోనూ ఉంది. కొడుకును ‘నాయనా’ అంటాం, కూతుర్ని ‘అమ్మా’ అంటాం. గుడియాత్తం, వేలూరు ఉన్న ఆర్కాడు సీమ అలాంటి ముద్దుమాటను వీధిలోకి తెచ్చి తోటివాడికీ, ముఖం తెలియనివాడికీ పంచింది. దీన్ని అరవం నుంచి తెచ్చుకున్న అరువు అనుకోవద్దు. అరవంలో ‘వాప్పా’, కన్నడంలో ‘బారప్పా’ ఉన్నట్టే తెలుగులో ‘రాప్పా’ ఉంది. మూడు భాషలకూ ఇది పుట్టింటి సొత్తు.

మాటకు అతుక్కునే తీరు కూడా చక్కనిది. లేదు, చూడు లాంటి ఉకారాంతాల మీద ఉత్వం పోయి ‘లేదప్పా’, ‘చూడప్పా’ అవుతుంది. రా, సరే లాంటి దీర్ఘాల తర్వాత అప్పలోని అకారమే జారిపోయి ‘రాప్పా’, ‘సరేప్పా’ మిగులుతుంది. నలుగురుంటే ‘రండప్పా’.

మర్యాదలో దీని చోటు ‘ఏమిరా’లోని ‘రా’కు పైన, ‘అన్నా’కు కింద. ‘ఏమిరా’ అనడానికి చనువు కావాలి, ‘ఏమప్పా’కు అక్కర్లేదు. కాని వయసులో పెద్దవాణ్ణి ‘అన్నా’ అనో ‘మామా’ అనో పిలవాలి. గొంతును బట్టి భావమూ మారుతుంది: మెల్లగా అంటే బుజ్జగింపు, సాగదీస్తే విసుగు, ‘పోప్పా’ అని తుంచేస్తే ఇక మాట్లాడొద్దని.

ఇలాంటి పిలుపులు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. స్పెయిన్‌లో కుర్రాళ్లు స్నేహితుణ్ణి ‘తీయో’ అంటారు. దాని అసలర్థం మామ, బాబాయి. అర్జెంటీనావాళ్లు మాటమాటకూ ‘చే’ అంటారు. ఆ అలవాటు చూసే క్యూబా మిత్రులు ఎర్నెస్టో గువేరాకు ఆ పేరు పెట్టారు. ఇలాంటి మాటలకు నిఘంటువు చెప్పే అర్థం సగమే. ఎవరు ఎవరిని ఎలా పిలిచారన్నది మిగతా సగం.

1911లో ఉత్తర ఆర్కాడు నుంచి చిత్తూరు జిల్లా విడిపోయింది, మాట విడిపోలేదు. ఇటు ఆంధ్రాలోని పలమనేరులోనూ అటు గుడియాత్తంలోనూ ఒకటే ‘రాప్పా’. గుడియాత్తం తెలుగు పిల్లలు ఆంధ్రాకు చదువుకు వచ్చినప్పుడు ఆ మాట విని నవ్వకండి. దిద్దాల్సిన తప్పు అందులో ఏమీ లేదు.