స్టోరు తాళం ఎవరి చేతిలో?

మన హాస్టల్లో చదివి కంప్యూటర్ ఉద్యోగాలకు వెళ్లిన వాళ్లం మేము ముగ్గురం. వార్షికోత్సవానికి వాల్మీకిపురం వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు అడిగేది ఒకటే. "స్కాలర్‌షిప్ ఫారం ఆఖరి రోజున సర్వర్ డౌన్ అంటారెందుకన్నా? ఇంకో కంప్యూటర్ పెట్టుకోకూడదా?" మాలో ఒకరికి ఆ మాటతోనే ఒక ఏడాది స్కాలర్‌షిప్ పోయింది.

పెడతారు తమ్ముళ్లూ. ఒకటి పడిపోతే ఇంకొకటి పని అందుకునే సర్వర్ల జట్టును ఫెయిలోవర్ క్లస్టర్ అంటారు. రెండో సర్వర్ కొనడం కష్టం కాదు. స్టోరు తాళం ఎవరి చేతిలో ఉండాలనేదే కష్టం.

మన హాస్టల్లో వంటమనిషికీ కామాటికీ ఇద్దరికీ వంట వచ్చు. బియ్యం ఉండే స్టోరు ఒకటే. ఆయన రాకపోతే ఈయన తాళం తీసి పొయ్యి వెలిగిస్తాడు. క్లస్టర్లో ఆ స్టోరే ఉమ్మడి డిస్కు. మీ ఫారాలన్నీ అందులోనే ఉంటాయి. సర్వర్లు రెండూ "ఉన్నాను, ఉన్నాను" అని ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయి. 2008 నాటి విండోస్ సర్వర్లో సెకనుకొకటి చొప్పున. వరుసగా ఐదు రాకపోతే అవతలిది పోయినట్టే లెక్క. (2016లో దాన్ని పది చేశారు. తొందరపడి పొయ్యి వెలిగించినా నష్టమే మరి!) అప్పుడు బతికున్న సర్వర్ ముందు డిస్కును, తర్వాత నెట్‌వర్క్ చిరునామాను, పేరును తీసుకుని, చివరగా డేటాబేసును మొదలుపెడుతుంది. నంబరు వచ్చిన ఫారాలను డిస్కు మీది చిట్టా చూసి సరిచేసుకుంటుంది. సగంలో ఉన్నవి పోతాయి.

అసలు చిక్కు ఇంకోటుంది. సర్వర్లు రెండూ బాగానే ఉండి మధ్యలో తీగ తెగితే? అవతలివాడు పోయాడని ఎవరికి వారే అనుకుని ఒకే డిస్కు మీద రాస్తే నింపినవాళ్ల ఫారాలు కూడా పాడైపోతాయి. ఆగిపోవడం కంటే ఇది ఘోరం. అందుకే ఓట్లు పెట్టారు. సర్వర్లకు చెరొకటి, సాక్షిగా ఉండే చిన్న డిస్కుకు ఒకటి. ఆ డిస్కు ఎవరికి చిక్కితే వారికి మూడింట రెండు ఓట్లు. రెండోది తనంతట తానే పని ఆపేస్తుంది.

ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1983లోనే వాక్స్ క్లస్టర్ తెచ్చింది. ఆ కంపెనీ వి.ఎం.ఎస్. మీదే మన రైల్వే రిజర్వేషన్ 'కాన్సర్ట్' నడిచింది. దాన్ని 1994లో మొదట పెట్టింది సికింద్రాబాద్‌లోనే. వాక్స్ క్లస్టర్ పద్ధతిలో సర్వర్లన్నీ ఒకేసారి డిస్కును వాడతాయి కాబట్టి తాళం స్టోరుకు కాదు, ఒక్కో డబ్బాకు! ఒకే వివరాన్ని రెండు సర్వర్లు ఒక్కసారే మార్చబోతే, తాళం దొరికినదే ముందు మారుస్తుంది.

మరి ఆఖరి రోజు సంగతి? ఆ రోజు సర్వర్ చావదు, జనం ఎక్కువై నత్తలా నడుస్తుంది. రెండోది అందుకున్నా దాని మీదా అదే జనం. ఉమ్మడి డిస్కే చెడితే రెండూ చేతులెత్తేస్తాయి. కాబట్టి నంబరు రానిదే నెట్ సెంటర్‌లో కుర్చీ వదలకండి. మాలో ఆ ఒకరు నంబరు రాకముందే మదనపల్లె బస్సెక్కేశారు.