విద్యుచ్ఛాఖలో వనితలు

బోధను ప్రాంతమునకు చెరకు సీమయని పేరు. 1931లో మంజీర నదిపై నిజాంసాగరము పూర్తియైనది. ఆ నీటితో పండిన చెరకుకై అదే దశాబ్దమున శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. 2015లో అది మూతపడినది. నేడు ఆ పొలములలో చెరకు తగ్గి వరి పెరిగినది. కాని కరెంటుతో రైతునకు గల బంధము మాత్రము తగ్గలేదు. బోరు మోటార్ల వలన ఇంకను బిగిసినది. నాట్ల దినములలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయెనా, నారు చేతబట్టిన కూలి స్త్రీకి ఆనాటి పని లేనట్లే. ఇంటికి పోయినచో కుళాయి నీరును ఉండదు. కరెంటు లేమి ఇంతగా బాధించునది ఆమెను. కరెంటు నిచ్చు శాఖలో ఆమె కనబడుట మాత్రము అరుదు.

"ఆడవారికి బలము చాలదు" అనునది అందరి నోట నున్న జవాబు. దినమంతయు బురదలో నడుము వంచి నాటు వేయు స్త్రీని చూచియు ఈ మాట ననగల వారి ధైర్యమును మెచ్చుకొనవలసినదే!

ఎనుబదేండ్లకు పూర్వమే ఒక తెలుగు వనిత ఈ శాస్త్రమున తన సామర్థ్యమును నిరూపించినది. ఆమె అయ్యలసోమయాజుల లలితగారు. 1919లో మద్రాసులో జన్మించిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్ర ఆచార్యులు. పదునెనిమిదేండ్లకే లలితగారికి వైధవ్యము ప్రాప్తించినది. ఒడిలో నెలల పసిబిడ్డ. ఆ స్థితిలో తండ్రి ప్రోత్సాహముతో, ప్రిన్సిపాలు చాకోగారి సమ్మతితో ఆమె ఆ కళాశాలలో చేరి, 1943లో చదువు ముగించిరి. పట్టాపై ముద్రించి యున్న "అతడు" అను అర్థముగల ఆంగ్ల పదమును కొట్టివేసి "ఆమె" అని చేతితో వ్రాయవలసి వచ్చినదట! 1948 నుండి కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో పనిచేసి, భాక్రా నంగల్ జనరేటర్ల కార్యమున పాలుపంచుకొనిరి. 1964లో న్యూయార్కులో జరిగిన ప్రథమ అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సమావేశమునకు హాజరైరి.

అయినను ఒక లోటు. వితంతువు ఒంటరిగా పని స్థలములకు పోరాదను ఆనాటి కట్టుబాటు వలన ఆమె ప్రతిభ చాల వరకు డిజైను బల్లకే పరిమితమైనది. ఆమెతోపాటు గిండీలో చదివిన పి.కె. త్రేసియాగారు సివిల్ ఇంజనీరై కొచ్చి సంస్థాన ప్రభుత్వోద్యోగమున చేరిరి. 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరైరి. ప్రభుత్వ శాఖలలో అధికారపు మెట్లు కార్యక్షేత్రము నుండియే మొదలగును. అక్కడ అడుగిడనీయకుండ పై పీఠము నిచ్చెదమనుట వట్టి మర్యాద మాట.

మన తెలంగాణములో మొదటి మెట్టే మూసియుండెను. 2019లో దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మ్యాన్ ఉద్యోగములకు ప్రకటన చేసినపుడు స్త్రీలు అనర్హులన్నారు. ఇరువురు యువతులు హైకోర్టు కెక్కిరి. 2020 డిసెంబరులో, వారికి స్తంభమెక్కు పరీక్ష పెట్టుడని కోర్టు ఆదేశించినది. ఎక్కి చూపిరి! 2021లో సిద్దిపేట జిల్లా యువతి బబ్బూరి శిరీషకు ఉద్యోగము లభించినది.

ఇక మెట్టు పైకి పోవుట. ఇంజనీరింగు చదివి వచ్చిన స్త్రీని లెక్కల విభాగమున కూర్చుండబెట్టుట దయవలె కనబడును. పదేండ్ల పిమ్మట డివిజను బాధ్యత నప్పగింపవలసి వచ్చినపుడు "లైన్ల అనుభవము లేదు" అనుటకు ఆ దయయే కారణమగును. అసిస్టెంటు ఇంజనీరుగా ఆమెకు పల్లెల సెక్షనునే ఇయ్యవలెను. వానాకాలపు బ్రేక్‌డౌనులను ఆమెయే సరిచేయింపవలెను.

మా నిజామాబాదులో ఆడపిల్లల తండ్రులు తరచుగా ఒక ప్రశ్న అడుగుదురు: "నడిరేయి ఫోను వచ్చినచో మా అమ్మాయి ఎట్లు పోవును?" న్యాయమైన ప్రశ్నయే. దీనికి జీపు కావలెను, నమ్మకమైన డ్రైవరు కావలెను, వెంట ఇద్దరు హెల్పర్లు కావలెను. సబ్‌స్టేషనులో గడియ పడు తలుపు, నీరు గల మరుగుదొడ్డి కావలెను. వీనిలో ఏదియు ఆ తండ్రి సమకూర్పగలది కాదు, శాఖ సమకూర్పవలసినది.